ఒక దగ్గు అంటే ఊలు

షాపులో మా బావని అందరూ వేళ్ళాయన అనేవారు. మా అక్క మొగుడు. ఆ సూట్ల షాపులో ఆయన పని బట్ట చూడటం, నా పని కత్తిరించడం. బట్ట అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కళ్ళు మూసుకుని ఒకసారి నలిపి, "ఊలు", "ఇందులో పాలిస్టర్ కలిసింది", "ఇది బట్ట కాదు, గోనె" అని తేల్చేసేవాడు. తప్పిన రోజు నాకు గుర్తులేదు. దారం లాగి నిప్పంటించి, జుట్టు కాలిన వాసన వస్తేనే ఊలని ఒప్పుకునేవాళ్ళంటే ఆయనకి మహా చులకన. "అగ్గిపుల్లతో చూసేవాడికి వేళ్ళెందుకురా?" అనేవాడు.

ఆ వేళ్ళు చాలా ఏళ్ళు ఖాళీగా ఉన్నాయి. అందరూ ఒంటికి అతుక్కుపోయే సూట్లు అడిగిన కాలం అది. లోపల జిగురు గుడ్డ, భుజాల్లో దూది, పైన తళతళ. అట్టముక్కలాంటి కోటుకి ఏ బట్టయితేనేం? బావని మూలబల్ల దగ్గర బొత్తాలు కుట్టడానికి కూర్చోబెట్టారు. తర్వాత గాలి మారింది. ప్యాంట్లు వదులయ్యాయి, భుజాల్లో దూది పోయింది, లైనింగు సగానికి తగ్గింది, మట్టిరంగులు వచ్చాయి. కోటు ఒంటి మీద మెత్తగా జాలువారాలంటున్నారు. అలా జాలువారాలంటే బట్టలోనే ఆ గుణం ఉండాలి. ఓనరు బావని తీసుకొచ్చి ముందు కౌంటర్లో కూర్చోబెట్టాడు. కాలం కలిసొచ్చిందని అక్క సంబరపడింది. సరిగ్గా ఆ ఏడాదే ఆయన వేళ్ళు చచ్చిపోయాయి.

నేను కళ్ళారా చూశాను. ఆయన చూపుడువేల్లో గుండుసూది సగం దిగి ఉంది. తెల్ల లైనింగు మీద రక్తం బొట్లు. ఆయన మాత్రం కస్టమరుతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పక్కకి లాక్కెళ్ళి అడిగితే షుగరన్నాడు, స్పర్శ ఇక రాదని డాక్టరు చెప్పాడన్నాడు.

"మీ అక్కకి కూడా చెప్పకు. బట్ట చూడలేనని తెలిస్తే మళ్ళీ బొత్తాల దగ్గరికే. ఇన్నాళ్ళకి మనిషినయ్యాను కదరా."

అలా మొదలైంది మా దొంగాట. బట్ట పరిచే నెపంతో నేను ముందే తడిమి చూసేవాణ్ణి. ఒక దగ్గు దగ్గితే ఊలు, రెండు దగ్గితే కల్తీ. బావ కళ్ళు మూసుకుని నలిపేవాడు, నేను దగ్గేవాణ్ణి. ఓనరు జాలిపడి నాకు దగ్గుమందు కొనిచ్చాడు.

ఒకరోజు ఒకామె పాత తువ్వాల్లో చుట్టిన బూడిదరంగు బట్ట తెచ్చింది. భర్త పోయి ఆరు నెలలైందట.

"కోటు కుట్టించుకోవాలని ఆయన కొని దాచుకున్నారండి. అసలైన ఊలనేవారు. మా అబ్బాయికి ఇప్పటి పద్ధతిలో వదులుగా కుట్టాలి. ఇది ఊలేనాండీ?"

ఆ రోజు నాకు నిజంగానే జలుబు. ఇంకా బట్ట తాకనైనా లేదు, ఒక్క దగ్గు వచ్చేసింది.

"అసలైన ఊలమ్మా," అన్నాడు బావ.

ఆమె కళ్ళు తుడుచుకుంది. అప్పుడు బట్ట పట్టుకున్నాను. సగానికి పైగా పాలిస్టరే. వెంటనే ఇంకోసారి దగ్గాల్సింది, ఆమె మొహం చూసి ఊరుకున్నాను. పోనీ సాయంత్రం బావకైనా చెప్పాల్సింది. ఆయన హుషారుగా ఉన్నాడని రేపు చెబుదామనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. నన్ను నేను తిట్టుకునేది ఆ దగ్గుకి కాదు, ఆ రేపుకి.

వారం తర్వాత కోటు ఛాతీకి వంపు తేవడానికి బావ తనే ఇస్త్రీపెట్టె పట్టాడు. ఊలుకి పెట్టాల్సినంత వేడి పెట్టాడు. ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చింది. ఎడమవైపు అరచేయంత మేర కరిగి నిగనిగలాడింది. ఆయన ఆ మచ్చని వేలితో రుద్దుతూనే ఉన్నాడు. నేను చెయ్యి లాగేసరికే వేలు బొబ్బలెక్కింది.

ఆమె వస్తే ఇస్త్రీపెట్టె పాడైందని చెప్పమన్నాడు ఓనరు. బావ వినలేదు.

"అమ్మా, ఇది ఊలు కాదు. నా వేళ్ళకి స్పర్శ పోయి ఏడాదైంది. తెలిసినట్టు నటించాను."

నా ఊసే ఎత్తలేదు. నేను పక్కనే నిలబడి కొలతల టేపు చుట్టుకుంటూ ఉండిపోయాను.

ఆమె ఆ కోటుని చేతిలోకి తీసుకుంది. "కాలితే కాలిందిలెండి. ఊలు కాదని చెప్పకుండా ఉండాల్సింది. ఆయన తనకోసం కొనుక్కున్నది ఇదొక్కటే," అంది. కోటుని అదే తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

బావని బొత్తాల దగ్గర కూడా ఉంచలేదు. సూది గుచ్చుకున్నా తెలియనివాడు బట్టలకి రక్తం పూస్తాడని ఇంటికి పంపేశారు. ఆ దగ్గు జలుబు దగ్గని నేనింకా చెప్పలేదు, ఆయనా అడగలేదు.

మొన్న ఆదివారం వెళ్ళాను. పక్కన కూర్చోగానే బావ అలవాటు కొద్దీ నా చొక్కా అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నలిపాడు. వదల్లేదు. నా దగ్గు కోసం ఆగాడని అర్థమై నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి దగ్గుదామనుకున్నాను. అది మామూలు నూలు చొక్కా. నూలుకి ఎన్ని దగ్గాలో మేమెప్పుడూ అనుకోలేదు.