గుమ్‌రే మొగుడి ఈల

సరస్సు ఒడ్డు అడవికి వెళ్ళే గేటు పక్కన నూడుల్స్ అంగడి నడుపుతూ గుమ్‌రే వయసంతా గడిపింది. వచ్చేపోయేవాళ్ళతో మాటలన్నీ ఆమెవే. మొగుడు జొంగ్‌దల్ వెనక గదిలో పిండి పిసికేవాడు. ఏమడిగినా "ఊ" అనేవాడు. మనిషి తత్వమే అంతని ఆమె ఎప్పుడో సరిపెట్టుకుంది.

మోకాళ్ళు మొరాయించి ఆమె అంగడి మూసేశాక, జొంగ్‌దల్ పొద్దున్నే అడవిలో నడకకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఊరికి కొత్తగా వచ్చిన ప్యో అనే మాజీ బస్సు డ్రైవరు తోడయ్యాడు. తిరిగొచ్చేటప్పుడు మొగుడి ముఖం కళకళలాడుతుండేది. గడపలో కాలు పెట్టగానే మళ్ళీ "ఊ".

ఒకరోజు ఉండబట్టలేక గుమ్‌రే వాళ్ళ వెనకే వెళ్ళింది. రెల్లు చాటున నిలబడి చూసింది. నీళ్ళ ఒడ్డున కూర్చుని జొంగ్‌దల్ పసిడిపిట్టలా ఈలేస్తున్నాడు. అవతలి పైన్ చెట్ల మీంచి నిజం పిట్ట బదులు పలికింది.

"అన్నా, దాన్నే బోల్తా కొట్టించావే!" అని ప్యో తొడ చరిచి నవ్వాడు. జొంగ్‌దల్ కూడా పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఏనాడూ విననిది. చప్పుడు చెయ్యకుండా ఇంటికి తిరిగింది.

పక్కింటి సునొక్‌తో చెప్పుకుంటే ఆమె పకపకా నవ్వింది. "ఆడదైతే జుట్టు పట్టుకుని ఈడుద్దుమే అక్కా! ఆ బట్టతల ప్యో ముసలాడి మీద ఏడుపేంటే నీకు?"

"ఆడదైనా బాగుండేది. ఊరంతా నా పక్షానుండేది."

మర్నాటి నుంచి, నడకలో ఇద్దరూ తింటారని రోజూ పంపే ఉడకబెట్టిన చిలగడదుంపలు ఒకరికి సరిపడానే పంపింది. జొంగ్‌దల్ వాటినీ సగం చేసి ప్యోకి పెట్టాడని తెలిసి ఇంకా రగిలిపోయింది. చివరికి మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని తనే వాళ్ళతో బయల్దేరింది. ప్యో "రండి వదినా" అని మర్యాదగా వెనక్కి తగ్గాడు. మగవాళ్ళిద్దరి నోళ్ళూ మూతపడ్డాయి. కప్పలు మాత్రం అరిచాయి.

ఆ రోజు అన్నం దగ్గర అడిగేసింది. "నా దగ్గర ఎందుకు ఈలెయ్యలేదు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా?"

జొంగ్‌దల్ చెంచా ఆపాడు. "పెళ్ళైన కొత్తలో వేశాను కదే. రాత్రిపూట ఈలేస్తే పాములొస్తాయి, నోరు ముయ్యండన్నావు."

"రాత్రిపూటే కదా వద్దన్నది!"

"అంగడి పనిలో పగలెక్కడుండేది మనకి?"

ఆమెకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. అబద్ధమని కొట్టిపారేద్దామంటే, మొగుడికి అబద్ధమాడేంత మాటకారితనం లేదు.

శీతాకాలంలో ప్యో పూసాన్ పట్నంలో ఉన్న తన కూతురి దగ్గరికి వెళ్ళాడు. గుమ్‌రే పండగ చేసుకుంది, వెంటనే సిగ్గుపడింది. మంచు పట్టిన దారిలో మొగుడి మోచెయ్యి పట్టుకుని నడిచేది. అతను మొదట్లో ఏ చెట్టు ఏదో చెప్పేవాడు. పోనుపోను తన చిన్నతనం, చచ్చిపోయిన ఆవుదూడ, అన్నీ చెప్పాడు. ఆమె నోరు కట్టుకుని వినడం నేర్చుకుంది. అదే నడకకన్నా కష్టమనిపించింది.

వసంతం రాగానే ప్యో వచ్చేశాడు. దూరం నుంచే చెయ్యెత్తి "అన్నా!" అన్నాడు. జొంగ్‌దల్ ముఖం విచ్చుకుంది. అది చూసి గుమ్‌రే లోపల పాత మంట మళ్ళీ చురుక్కుమంది. అయినా ఇంటికి తిరగలేదు. ఇద్దరి మధ్యలో దూరి నడిచింది. నీళ్ళ వెంబడి చెక్కలు పరిచిన ఆ బాట ముగ్గురికి ఇరుకే. ఎవరైనా పక్కకు తప్పుకోవాల్సి వస్తే ప్యోనే తప్పుకోవాలి.