పిల్లవాడి పాదాలు పట్టుకున్న డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయింది. మందమర్రి నుంచి వచ్చిన ఒక కార్మికుడు సంతలో కనబడి ఈ మాట చెప్పగానే కూరలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. బొగ్గుబాయి కాలనీ దవాఖానలో ఆమె దగ్గర నర్సుగా పనిచేశాను. మేం పోట్లాడుకోని వారం లేదు. ఇక ఎవరితో పోట్లాడను?

వానాకాలం వస్తే వాంతులు, విరేచనాలైన పిల్లలను భుజాన వేసుకొచ్చేవాళ్లు. కొందరు అప్పటికే కళ్లు లోపలికి పోయి, నాడి అందకుండా, షాక్‌లో ఉండేవాళ్లు. సెలైన్ ఎక్కించేవాళ్లం. దానికీ లొంగకపోతే బీపీ పెంచే మందు కలిపి చుక్కచుక్కగా ఇచ్చేవాళ్లం. బీపీ మిషన్‌లో పాదరసం లేవగానే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆమె మాత్రం మంచం చివర కూర్చుని పిల్లల పాదాలు పట్టుకునేది.

"మందు పాదరసాన్ని లేపుతది. పిల్లగాడు లేసిండా లేదా కాళ్లు చెప్తయి" అనేది. అవి చల్లగా ఉంటే రక్తం అక్కడిదాకా అందట్లేదని మందు పెంచనిచ్చేది కాదు, ముందు సెలైన్ సంగతి చూడమనేది. ఆ మందంటే ఆమెకు నమ్మకం ఎంతో, భయమూ అంతే.

ఒక మధ్యాహ్నం ఒక ముసలమ్మ మనవణ్ని తెచ్చింది. తండ్రి బాయిలో ఉన్నాడు. తల్లి పురిటికి పుట్టింటికి పోయింది. తాగితే ఇంకా విరేచనాలవుతాయని ముసలమ్మ ముందురోజు నుంచి వాడికి చుక్క నీళ్లు ఇవ్వలేదు. వాడు అడుగుతూనే ఉన్నాడట. మా దగ్గర చాలామంది అలాగే చేసేవాళ్లు.

సెలైన్ అయ్యాక మందు మొదలుపెట్టి డాక్టరమ్మ పిల్లవాడి పాదాలు పట్టుకోబోతే ముసలమ్మ అడ్డం వచ్చింది. పెద్దవాళ్లు చిన్నవాళ్ల కాళ్లు పట్టుకుంటే పిల్లల ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. డాక్టరమ్మ నచ్చజెప్పి పట్టుకుంది. పాదరసం లేచింది. కాళ్లు వేడెక్కలేదు. మళ్లీ సెలైన్ పెట్టాం. పొద్దుగూకక ముందే పిల్లవాడు పోయాడు.

ముసలమ్మ డాక్టరమ్మ మీద పడింది. "వద్దన్న. ఇనలే నువ్వు. కాళ్లు వట్టుకొని నా పిల్లగాని ఆయుష్షు దీసినవ్."

నాకు ఒళ్లు మండింది. నీళ్లియ్యంది నువ్వు గదా అనే మాట నోటిదాకా వచ్చింది. డాక్టరమ్మ నన్ను చూసి, వద్దని తల ఊపింది.

"అవునవ్వా, నాదే తప్పు" అంది.

తర్వాత ఆమె క్వార్టర్లన్నీ తిరిగి, విరేచనాలైనా పిల్లలకు నీళ్లు తాగించమని చెప్పింది. పురిటి నుంచి వచ్చిన ఆ కోడలికీ చెప్పింది, ముసలమ్మ ఇంట్లో లేనప్పుడు చూసి. ఆ నింద ఆమె మోయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దవాఖాన డాక్టరమ్మ కాళ్లు పడితే పిల్లలు పోతారని కాలనీలో కొందరు అన్నారు కూడా.

ఆమె పోయిందన్నప్పటి నుంచి ఆ సాయంత్రమే కళ్ల ముందు ఉంది. ముసలమ్మ ఏడుస్తూ ఆమె వీపు మీద గుద్దుతోంది. డాక్టరమ్మ అక్కణ్నుంచి కదలకుండా, చల్లబడిన ఆ రెండు పాదాలనూ అరచేతుల్లో పెట్టుకుని, ఇంకా రుద్దుతోంది.