వెనక్కి తోలుకున్న పెత్తనం

నాది ఆత్మకూరు కోర్టులో వకీలు పని. పవర్ ఆఫ్ అటార్నీ అనే మాట చెవిన పడితే చాలు, మా వైపు జనానికి ఆస్తి రాసిచ్చేసినట్టు గుండె జారిపోతాది. కాదు మొర్రో అని ఎంతమందికి చెప్పినానో. నీ పని నీ తరఫున ఇంకొకరు చేసి పెడతారు, అంతే. ఆస్తి నీదే, మాటా నీదే. వద్దనుకున్న రోజు రద్దు పత్రం రాసి, రిజిస్టర్ చేసి, ఆ మనిషికి తెలియజేస్తే తీరిపోయె. నిద్రలో లేపి అడిగినా ఇది తప్పు లేకుండా చెప్తాను. అట్లాంటి నన్ను మా మేనత్త ముప్పుతిప్పలు పెట్టింది.

అత్తది ఉదయగిరి పక్కన పల్లె. మామ పోయినాక గొర్రెలే ఆమెకు ఆధారం. ఒక మెట్ట చేను ఉండాది, అందులోనే మంద దొడ్డి. భూముల రీసర్వే వచ్చినప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆఫీసుల చుట్టూ తిరగలేక, మరిదికి పవర్ ఇచ్చింది. మరిది మంచోడే. ఆ కాగితం రాసిన దస్తావేజు లేఖరే, ఎవరూ అడక్కపోయినా, కొలతలతో పాటు అమ్మే అధికారం కూడా అలవాటుగా చేర్చేసినాడు. అత్త వేలిముద్ర వేసి ఇంటికొచ్చింది.

ఈ మధ్య ఒకరోజు ఫోన్ చేసింది. చేలో ఎవరో కొత్త మనుషులు రాళ్లు పాతుతున్నారంట. ఎవురు మీరు అంటే, కొనుక్కుంటున్నాం అన్నారంట. తీరా ఆరా తీస్తే, ఆ మరిది తన పవర్‌ను తన అల్లుడికి అప్పజెప్తున్నట్టు ఒక కాగితం రాసిచ్చినాడు, అల్లుడు బేరం కుదుర్చుకున్నాడు. "చేను పోతే దొడ్డి పోతాది, దొడ్డి పోతే మందను అమ్ముకోవాల్సిందే అబ్బయా" అనింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొరికిన బస్సెక్కి పోయినాను. నమ్మి ఒకరికిచ్చిన అధికారాన్ని, ఇచ్చినామె ఒప్పుకోకుండా, ఆయన ఇంకొకరి చేతిలో పెట్టేదానికి లేదు. ఇది చట్టం. అత్తకు సెక్షన్లు చెప్తే ఏం లాభం? నీ మందను మేపమని ఒకరికి అప్పగిస్తే, ఆ మనిషి నీకొక మాటైనా చెప్పకుండా ఇంకొకడి వెంట తోలేస్తే ఊరుకుంటావా అని అడిగినాను. ఊరుకునేదేంది, మళ్లీ వాడి మొహం చూడను అనింది. విషయం అర్థమైపోయింది. కాబట్టి అల్లుడి కాగితం చెల్లదు. కానీ మరిది పవర్ ఇంకా బతికే ఉండాది. అల్లుడు ఆ మరిదినే లాక్కొచ్చి అమ్మకం పత్రం మీద సంతకం పెట్టించినాడంటే మాత్రం కొంప మునుగుతాది. రేపు పొద్దున్నే రద్దు చేద్దాం, అప్పటిదాకా నోరు మెదపొద్దు అన్నాను.

అత్త ఒప్పుకోలేదు. ఒకరికి అప్పగించిన మందను వెనక్కి తోలుకోవాలంటే ఆ మనిషి దొడ్డి కాడికి పోయి, మొహాన చెప్పి తోలుకోవాలంట. గొర్రెలు కాసేవాళ్లలో అదే పద్ధతంట. ముందే చెప్తే వాళ్లు మనకంటే ముందు ఆఫీసులో ఉంటారు తల్లీ అని మొత్తుకున్నాను. ఆమె చెప్పులేసుకుని ఆటో పిలిపించింది. ఏం చేస్తాను, పళ్లు నూరుకుంటా నేనూ ఎక్కినాను.

మరిది దుత్తలూరులో ఇంటి ముందర కూర్చోని ఉన్నాడు, పక్కనే అల్లుడు. వాళ్లు కూర్చోమన్నా అత్త కూర్చోలేదు.

"నిన్ను నమ్మి నీకిచ్చినా. ఆ పిల్లోడికి ఇయ్యలా. రేపు వెనక్కి తీసుకుంటా. చెప్పకుండా చేస్తే దొంగతనం అవుతాది, అందుకని వచ్చినా."

అల్లుడు గయ్యిమని లేచినాడు, కాగితం నా మొహం మీద ఆడించినాడు. అది చెల్లదని, దాంతో అమ్మితే ఏ కేసులో ఇరుక్కుంటాడో నిదానంగా వివరించినాను. కూర్చున్నాడు. మరిది తలొంచుకుని, రేపు నేనూ వస్తా వదినా అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చచ్చినాం రా దేవుడా అనుకున్నాను.

పొద్దున ఉదయగిరి రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయేసరికి, నేను భయపడినట్టే, ఆయన మాకంటే ముందొచ్చి బెంచీ మీద ఉన్నాడు. అత్తను చూసి ఆయన లేచినాడు. రద్దు పత్రానికి సాక్షి సంతకం కావాలి కదా, నేను పెడతా అన్నాడు. పెట్టినాడు కూడా. ఆ పెద్దాయన మీద నాకు అంతవరకూ ఉన్న కోపం ఎటుపోయిందో.

ఇంక నా వంతు. మళ్లీ ఎవరూ మోసం చేయకుండా, అమ్మకం ఊసే లేకుండా, అత్త పనులన్నీ చూసేటట్టు నా పేరున కొత్త పవర్ సిద్ధం చేసి తెచ్చినాను. వేలిముద్ర వెయ్యి అత్తా, ఇంక నిశ్చింతగా ఉండు అని దర్జాగా ముందర పెట్టినాను. ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నువ్వే రాసినావా అబ్బయా?"

"నాకు కోర్టు పనుండె. మా జూనియర్‌తో రాయించినాను."

ముందు నవ్వింది మరిదే. అత్త మాత్రం నవ్వలేదు. కాగితం మడిచి నా జేబులో పెట్టింది.

"వద్దులే. మోకాళ్లు నొప్పి పుడితే పుట్టనీ, నా పనికి నేనే వస్తా."