కోడూరు దారిలో వాన, మా టెంటులో బాతు పిల్లలు

విజయవాడ నుంచి సముద్రం దాకా కృష్ణ కరకట్ట మీద నడిచి వెళదామన్న ఆలోచన నాది కాదు, రహీమ్ గారిది. అప్పట్లో మేమిద్దరం విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళం. నేను లెక్కలు, ఆయన ఫిజిక్స్. ఒకరోజు స్టాఫ్ రూంలో టీ తాగుతూ, "పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. బ్యారేజీ దాటాక నది ఎటు పోతుందో ఇంతవరకూ చూడలేదండీ" అన్నారు. నేనూ చూడలేదన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. రెండువేల ఆరో ఏడో, ఆ సంవత్సరం దసరా సెలవులకి చెరో బ్యాగు వీపున తగిలించుకుని యనమలకుదురు దగ్గర కట్ట ఎక్కాం. నా బ్యాగులో మా బావమరిది బెంగళూరు నుంచి తెచ్చుకున్న కొత్త టెంటు ఉంది. చిన్న మరక పడకుండా తిరిగిస్తానని మాటిచ్చి మరీ తెచ్చాను.

దారి తేలికే. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని నడిస్తే చాలు. మొదటి రాత్రి తోట్లవల్లూరులో, రెండో రాత్రి ఘంటసాల దగ్గరున్న శ్రీకాకుళంలో తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో పడుకున్నాం. మూడో రాత్రికి అవనిగడ్డలో లాడ్జి దొరికింది, గదికి నూట యాభై. అంతవరకూ ఎండ తప్ప ఇంకే కష్టమూ లేదు. నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరుతుంటే లాడ్జి మేనేజరు గుమ్మంలోంచి ఆకాశం వైపు చూసి, "ఇయ్యాల్టికి ఆగిపోండి సార్. తూర్పంతా మూసుకొచ్చింది" అన్నాడు.

"చినుకులేలెండి" అన్నారు రహీమ్ గారు.

కోడూరు చేరేసరికి ఆ చినుకులు బనీన్ల దాకా దిగాయి. హోటల్లో ఇడ్లీ తింటూ, "ఇక్కడి నుంచి హంసలదీవికి బస్సులో పోదామండీ. సముద్రం చూసి సాయంత్రానికి వెనక్కొచ్చేయొచ్చు" అన్నాను.

"బస్సులో పోయేదానికి మూడు రోజులు నడవడం ఎందుకండీ?" అన్నారాయన, చట్నీలో ఇడ్లీ ముంచుకుంటూ. ఆయన ఎన్నడూ గొంతు పెంచరు. నాకు మండేది అక్కడే. ఎదుటి మనిషి అరిస్తే మనమూ అరవొచ్చు. మెత్తగా మాట్లాడేవాళ్ళతో పోట్లాడే వీలు కూడా ఉండదు.

ఊరు దాటాక మట్టి రోడ్డు. నల్లమట్టి వానకి బంకగా మారి నాలుగడుగులకోసారి బూట్లని లాగేస్తోంది. పుల్లతో గీక్కోవడం, మళ్ళీ నాలుగడుగులు వేయడం. రైన్‌కోటు లోపల చెమట, బయట వాన. రెండు గంటల వేళ పొలాల మధ్య స్తంభాల మీద లేచిన తుఫాను షెల్టర్ కనిపించింది. పై హాలుకి తాళం వేసి ఉంది. కింద స్తంభాల మధ్య ముందే ఒక కాపురం దిగి ఉంది. భార్యాభర్తలు, బురద కొట్టుకుపోయిన రిక్షా బండి, రెండు పెద్ద వెదురు బుట్టల నిండా పసుపుపచ్చ బాతు పిల్లలు. వాటి అరుపుకి పక్కవాళ్ళ మాట వినపడటం లేదు.

"తాళం ఉన్నాయన పండక్కి అత్తారింటికెళ్ళాడంటండి" అన్నాడతను. పేరు వెంకటేశు, భార్య పేరు నాగమ్మ. బాతులు మేపుకునేవాళ్ళు. కోతల నాటికి ఎదిగి చేలల్లో రాలిన గింజలు తింటాయని పిల్లల్ని కొనుక్కుని వస్తూ వానలో చిక్కుకుపోయారు.

ఎండిన చోటు చూసి కూలబడ్డాం. కాసేపటికి గాలి మళ్ళింది. జల్లు అడ్డంగా లోపలికి కొట్టడం మొదలైంది. వెంకటేశు బుట్టల మీద గోనెపట్టాలు కప్పి, జల్లుకి వీపు పెట్టి నిలబడ్డాడు. నాగమ్మ బుట్టలోంచి ఒక్కో పిల్లని తీసి కొంగులో చుట్టుకుంటోంది.

"బాతులేగా, నీళ్ళకేం భయం?" అన్నాను.

"పెద్దయ్యాక భయం లేదు బాబూ. ఇప్పుడు ఇయ్యన్నీ నూగే. తడిస్తే ముడుచుకుని సచ్చిపోతాయి." అరచెయ్యి చాపి చూపించింది. అందులో ఒకటి కళ్ళు మూసుకుని ఉంది. దాన్ని స్తంభం పక్కన పెట్టి ఇంకోదాన్ని తీసింది.

"ప్రసాద్ గారి దగ్గర టెంటు ఉందమ్మా" అన్నారు రహీమ్ గారు.

నేను ఆయన వంక చూశాను. ఆయన అప్పటికే నా బ్యాగు తాళ్ళు విప్పుతున్నారు. అది మనది కాదండీ అని నేను అంటుండగానే కడ్డీలు బయటికి తీసి, ఏది ఎక్కడ దూర్చాలో తెలియక ఒకటి వంచబోయారు. ఇక నోరు మూసుకుని నేనే వేశాను. గాలికి గుడ్డ చేతుల్లోంచి లేచిపోతుంటే వెంకటేశు కాలితో తొక్కిపట్టాడు. నలుగురం చేతికి వచ్చినన్ని పిల్లల్ని లోపల వదిలి జిప్పు వేశాం. నా పొడి తువ్వాలు ఎప్పుడు లోపలికి వెళ్ళిందో నాకు తెలియదు.

టెంటులో బాతులు, బయట మేము. ఆ సాయంత్రం నేను రహీమ్ గారితో మాట్లాడలేదు. ఆయన అది గమనించనట్టే, నాగమ్మ సరుగుడు పుల్లల మీద కాచిచ్చిన టీ నాకు అందించారు. తాగాను.

తెల్లవారేసరికి వాన తగ్గింది. కొన్ని పిల్లలు పోయాయి, చాలావరకు బతికాయి. రాత్రంతా తడిసిన వెంకటేశుకి మాత్రం ఒళ్ళు కాలిపోతోంది. బండి చక్రాలు సగం దాకా బురదలో దిగిపోయాయి. కోడూరులో తన అక్క ఇల్లుందని, బుట్టలు అక్కడికి చేరిస్తే గండం గడుస్తుందని నాగమ్మ అంది. అడగలేదు, అంది అంతే.

అటు దక్షిణాన సముద్రపు హోరు వినిపిస్తోంది. ఇంకో రెండు మూడు గంటలు నడిస్తే చాలు. నిన్న నన్ను బస్సెక్కనివ్వని మనిషి ఇప్పుడు వెనక్కి తిరిగి ఒక బుట్ట ఎత్తుకోవడానికి తలకి గుడ్డ చుట్టుకుంటున్నారు.

"సముద్రం సంగతేంటండీ?" అన్నాను.

"మీరు వెళ్ళి చూసి రండి. నేను రెండు ట్రిప్పులు వేస్తాను" అన్నారు, ఎప్పటిలాగే మెత్తగా.

ఏం చేయను? రెండో బుట్ట నేను ఎత్తుకున్నాను. నాగమ్మ భర్త చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. కోడూరు దాకా బాతు పిల్లలు నా నెత్తిమీద అరుస్తూనే ఉన్నాయి, వెదురు సందుల్లోంచి చొక్కా మీదికి రెట్ట కారుతూనే ఉంది. వాళ్ళ అక్క ఇంటి వసారాలో బుట్టలు దించాక, వెంకటేశుని డాక్టరు దగ్గరికి పంపి, మేము విజయవాడ బస్సెక్కాం. కండక్టరు మా ఇద్దరినీ వెనక సీటుకి పంపించాడు.

కృష్ణ సముద్రంలో కలిసే చోటు నేను ఇప్పటికీ చూడలేదు. బావమరిది ఆ టెంటు వాసన చూసి నాకే ఉంచుకోమన్నాడు. ఆ ఐదు రోజుల్లో రహీమ్ గారు నన్ను విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదు, ఆ తర్వాత నేను నడిచిన ప్రతి దారిలోనూ పక్కన ఆయనే ఉన్నారు. మీరు ఈ దారిలో వెళ్ళదలిస్తే సంక్రాంతి దాటాక వెళ్ళండి, కట్ట గట్టిపడి ఉంటుంది. వానల్లోనే వెళ్ళక తప్పకపోతే, షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో కోడూరులోనే అడిగి కదలండి, మీకు అక్కర్లేదనిపించినా సరే. ఆ పై హాలు ఎవరికి అవసరమవుతుందో చెప్పలేం.