చుట్టాలకు చెప్పకుండా తార్నాకలో ఒక ఆదివారం

పిల్లల్ని తీసుకుని ఏ ఊరైనా వెళ్దామనుకుంటే మా ఇళ్ళలో టికెట్ల కంటే ముందు చుట్టాల జాబితా తయారవుతుంది. ఆ ఊళ్ళో ఎవరెవరున్నారు, ఎవరింట్లో దిగాలి, ఎవరికి జాకెట్టు ముక్క పెట్టాలి, ఎవరికి పూతరేకులు పట్టుకెళ్ళాలి. పదిహేనేళ్ళ క్రితం, మా అమ్మాయి శ్రావ్యకు ఆరేళ్ళప్పుడు, జూ చూపిద్దామని విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చాం. వారాసిగూడలో మా పిన్ని ఇంట్లో దిగి మూడు రోజులున్నాం. నల్లకుంటలో ఆడపడుచు అత్తవారింటికి ఒక పూట, సీతాఫల్‌మండిలో మావారి మేనత్త ఇంటికి ఒక పూట, మిగిలిన పూటలన్నీ పిన్ని ఇంట్లో కబుర్లు. వెళ్ళిన చోటల్లా కాఫీ, జంతికలు, “అమ్మాయి ఏ క్లాసు?” అన్న ప్రశ్న. జూ మాత్రం చూడలేదు. “ఇప్పుడు చూపించినా దానికేం గుర్తుంటుంది, ఇంకోసారి తీసుకొద్దాంలే” అనుకుని రైలెక్కేశాం. తర్వాత మావారి బదిలీలు వచ్చాయి, దాని పదో తరగతి వచ్చింది, ఇంటర్ వచ్చింది. ఆ ఇంకోసారి మాత్రం రాలేదు.

ఇప్పుడు శ్రావ్యకు ఇరవయ్యొకటి. హైదరాబాద్‌లోనే యూనివర్సిటీలో పీజీ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. దాని తమ్ముడు బన్నీకి ఐదేళ్ళు. పదహారేళ్ళ తేడా ఏమిటని చుట్టాలు ఇప్పటికే చాలినంత అడిగారు కాబట్టి మీరు అడగక్కర్లేదు. ఈ చలికాలంలో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయి కదా, బన్నీని అక్క దగ్గరికి తీసుకెళ్దామన్నారు మావారు. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. ఈసారి ఒక్క చుట్టానికి కూడా చెప్పకూడదు. ఆయన నన్ను అదోలా చూశారు గానీ ఒప్పుకున్నారు.

శనివారం పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు సికింద్రాబాద్‌లో దిగాం. అక్కడి నుంచి తార్నాకకు ఆటోకు నూట యాభై తీసుకున్నాడు. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చిన్న లాడ్జి, గది పదహారు వందలు. చిన్నపిల్లలుంటే వెనకవైపు గది అడగండి, ముందువైపు హారన్ల మోత భరించలేం. ఆ సాయంత్రం ముగ్గురం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. ఆదివారం ఆరుంపావుకు బన్నీకి మంకీ క్యాప్ తగిలించి ఆటో ఎక్కాం. క్యాంపస్ అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

“గాడ ఏమున్నదమ్మా చూడనీకి? చెట్లు, రోడ్లు. ట్యాంక్‌బండ్ తీస్కపోతా, పిల్లగాడు ఖుష్ అయితడు.”

“మాకు ఆ చెట్లే కావాలి బాబూ. మా అమ్మాయి అక్కడే చదువుతోంది.”

“అట్లనా! అయితే మంచి టైముకే వచ్చిన్రు. ఎండ వస్తే నెమళ్ళు లోపలికి పోతయి, మళ్ల కనబడయి” అంటూ అరవై రూపాయలకు హాస్టల్ గేటు దాకా దింపాడు.

శ్రావ్య గేటు దగ్గర శాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఆటో ఆగీ ఆగకముందే బన్నీ దూకి దాని కాళ్ళను చుట్టేసుకున్నాడు. క్యాంపస్ రోడ్లు ఆ వేళకు నడకకు వచ్చినవాళ్ళవి. స్వెటర్లు వేసుకున్న పెద్దాయనలు, పుస్తకం పట్టుకుని తిరుగుతూ చదివే కుర్రాళ్ళు. పాత రాతి భవనం దాటి కొంచెం లోపలికి వెళ్ళాక పొదల పక్కన నిజంగానే నెమలి కనిపించింది. బన్నీ ఊపిరి బిగబట్టాడు. మంచుకు తడిసిన దాని తోకను చాలాసేపు చూసి, “అక్కా, ఇది తోక ఎక్కడ ఆరేసుకుంటుంది?” అని గుసగుసగా అడిగాడు. శ్రావ్య నవ్వాపుకోలేక వాణ్ణి ఎత్తుకుని చున్నీతో వాడి ముక్కు తుడిచింది. నాకూ నవ్వొచ్చింది. ఈ పిల్ల కూడా ఒకప్పుడు ఇంతే ఉండేది, ఇలాంటి ప్రశ్నలే అడిగి ఉంటుంది. ఒక్కటీ నాకు గుర్తు లేదు.

ఉండబట్టలేక అడిగేశాను. “నీ చిన్నప్పుడు జూ చూపిస్తామని తీసుకొచ్చి చూపించలేదు కదే. నా మీద కోపంగా ఉందా?”

“ఎప్పుడు?” అంది శ్రావ్య. “నాకసలు గుర్తే లేదమ్మా. అడ్మిషన్‌కు వచ్చిందే ఫస్ట్‌టైమ్ అనుకుంటున్నా.”

పదిహేనేళ్ళుగా నేను మోస్తున్న బరువు దాని దగ్గర లేనే లేదు. మనసు తేలికపడాలి కదా, పడలేదు.

ఎనిమిదింటికి తార్నాక వైపు వచ్చి ఒక బండి దగ్గర దోసెలు తిన్నాం, ప్లేటు నలభై. పెనం దగ్గరున్నావిడ బన్నీని చూసి, “బాబుకు కారం ఎయ్య, వెన్న జర ఎక్కువేస్త” అంది. ఊరి నుంచి వచ్చామని తెలిసి, “ఎవరింట్ల దిగిన్రు?” అంది. లాడ్జిలో అన్నాను. “అయ్యో, గీడ మీకు చుట్టాలెవ్వరు లేరా?” అని జాలిపడింది. మావారు దోసె మీద నుంచి తలెత్తలేదు.

బన్నీకి లోకల్ రైలెక్కాలని సరదా. సీతాఫల్‌మండి స్టేషన్‌లో ఎక్కి కాచిగూడ దాకా వెళ్ళి తిరిగి వద్దామనుకున్నాం. టికెట్ తలా పది రూపాయలు కూడా మించదు. కాకపోతే ఒక రైలు తప్పితే ఇంకోదానికి చాలాసేపు ఆగాలి. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా నా ఫోను మోగింది. వారాసిగూడ పిన్ని!

“ఏమే, నెమలిని చూడ్డానికి తీరింది గానీ పిన్నిని చూడ్డానికి తీరలేదూ?”

నేను మావారి వైపు తిరిగాను. చుట్టాలకు చెప్పనని మాటిచ్చిన మనిషి నెమలి ఫోటో తీసి, క్యాంపస్ పేరుతో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. “నేను ఎవరికీ చెప్పలేదే” అన్నారు, పైగా అమాయకంగా.

“అన్నం వండేస్తున్నా, పది నిమిషాల్లో రండి” అంటోంది పిన్ని. నిజంగానే వారాసిగూడ అక్కడికి కూతవేటు దూరం. పోనీ ఓ గంట వెళ్దామని మావారి సైగలు. ఆ ఓ గంట సంగతి నాకు తెలుసు. సాయంత్రం నాలుగింటికి మా రైలు, అందాకా ఆ సోఫాలోనే ఉంటాం. బన్నీ నా కొంగు లాగుతున్నాడు, “అమ్మా, రైలొచ్చేస్తుందా?”

“పిన్నీ, ఏమనుకోకు. ఈసారి రావట్లేదు. ఇవాళంతా పిల్లలతోనే ఉంటాను” అన్నాను. పెద్దవాళ్ళకు నేనలా చెప్పడం అదే మొదలు.

“పోన్లే, పిల్లల్ని తిప్పు” అంది పిన్ని. “అప్పుడు నీ కూతురు మూడు రోజులూ పొద్దున్నే బూట్లు వేసుకుని మా గడప మీద కూచునేది. ‘అమ్మమ్మా, అమ్మ మాటలు అయిపోయాయా?’ అని నన్నడిగేది. మీరంతా సరదాగా ఉన్నారు కదాని నేనూ నోరెత్తలేదే.”

రైలొచ్చింది. బన్నీ కిటికీ దగ్గర సీటు పట్టుకున్నాడు. పిన్ని చెప్పింది శ్రావ్యకు చెప్పాను. “అయ్యో, పాపం!” అని నవ్వింది, ఎవరో వేరే పిల్ల గురించి విన్నట్టు.

చిన్నపిల్లలతో ప్రయాణం దండగ, వాళ్ళకేం గుర్తుంటుంది అంటారు. నిజమే, శ్రావ్యకు గుర్తు లేదు. ఈ నెమలిని బన్నీ కూడా మరిచిపోతాడు. కానీ నాకు గుర్తుంటుంది, వాడు ఊపిరి బిగబట్టడం, వాడి తోక ప్రశ్న. ఆరేళ్ళ శ్రావ్య నుంచి నాకలాంటిది ఒక్కటీ మిగల్లేదు. ఉన్న ఒక్క జ్ఞాపకమూ పిన్నిది. పక్కన ఇరవయ్యొక్కేళ్ళ కూతురు భుజానికి ఆనుకుని కూర్చున్నా, ఆ చిన్నపిల్ల మీద బెంగ తీరడం లేదు. మీరు వెళ్తే ఆరున్నరకల్లా క్యాంపస్‌లో ఉండండి, ఒక రోజు పిల్లలకే ఉంచి చుట్టాలకు తిరుగు రైలెక్కాక ఫోను చేయండి. తప్పనిసరై ఎవరింటికైనా వెళ్ళారనుకోండి, గడప వైపు ఒక కన్నేసి ఉంచండి. పిల్ల బూట్లు వేసుకుని కూర్చుని ఉంటే, కాఫీ సగంలో ఉన్నా సరే, లేవండి.