ట్రంపెటర్ మొన దగ్గర ఐవర్

ఇప్పుడు ఏ పడవ ఎక్కడుందో చెప్పడానికి ఎవరూ నోరు విప్పక్కర్లేదు. స్ట్రాన్ రేవులోని పోలీసు గదిలో, తెర మీద పచ్చ చుక్కలుగా అన్నీ కనబడతాయి. రిటైరై ఆరేళ్లయినా క్లెమ్ ట్రిఫిట్ వారానికోసారి ఆల్చిప్ప మాంసం కూరిన స్కాలప్ పైల పొట్లం పట్టుకుని, టీ తాగే వంకతో ఆ గదికి వెళ్తాడు. చుక్కల్ని చూసి మూతి ముడుస్తాడు. అబద్ధమాడడం రాని పడవల వెంట తిరగడంలో సరదా ఏముందని ఆయన గొణుగుడు.

ఆయన సముద్రపు పోలీసుగా ఉన్న రోజుల్లో టాస్మేనియా నైరుతి తీరమంతా అబద్ధాల మీదే నడిచేది. రోడ్డు లేదు, ఊరు లేదు. ఉన్నదల్లా కొండ, రాయి, వాటిమీద విరుచుకుపడే కెరటం. రోజుకు మూడుసార్లు రేవులోంచి డొరీన్ బర్గెస్ రేడియోలో గాలి కబురు చదివి, పడవల్ని పేరుపేరునా పిలిచేది. ఎవరు ఎక్కడున్నారో చెప్పాలి, ఆమె పుస్తకంలో రాసుకునేది. నిజం చెబితే రాతిరొయ్యలు ఎక్కడ పడుతున్నాయో అందరికీ తెలిసిపోదూ? అందుకని అందరూ కాస్త అటూ ఇటూగా చెప్పేవాళ్లు. డొరీన్ మొగుడు ఐవర్ మాత్రం కాస్తతో సరిపెట్టుకునే రకం కాదు. పన్నెండేళ్లుగా ఆయనది ఒకటే పాట: "ట్రంపెటర్ మొన దగ్గర. ఏమీ పడ్డంలేదు." కట్టుకున్న పెళ్లానికే, తీరమంతా వింటుండగా!

సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండకొమ్ము దగ్గర ఆయన లేడని అందరికీ తెలుసు. ఎక్కడున్నాడో తెలిసినవాడు మాత్రం క్లెమ్ ఒక్కడే.

ఓ మార్చి ఉదయం మొనకు చాలా దక్షిణాన, రాళ్ల మధ్య, మ్యాపులో పేరు కూడా లేని ఓ ఇరుకులో ఐవర్ పడవ 'కోరా లిన్' క్లెమ్ కంట పడింది. కొలబద్ద పెట్టి చూస్తే నాలుగు రొయ్యలు చట్టం చెప్పిన కొలతకు తక్కువ. ఐవర్ బుకాయించలేదు.

"కేసు రాసుకో, కాదన్ను. చోటు మాత్రం రాయకు. కోర్టులో బిగ్గరగా చదువుతారు. ఇది మా నాన్న చూపించింది. డొరీన్‌కి కూడా తెలీదు."

"పెళ్లానిక్కూడా చెప్పలేదా?"

"దానికి చెబితే రేడియోలో చెప్పినట్టేగా!"

క్లెమ్ నవ్వాపుకుని 'రేవుకు దక్షిణాన' అని రాశాడు. అందులో అబద్ధమేమీ లేదు, దక్షిణ ధ్రువం దాకా దక్షిణమే మరి. తన పడవలోని వాళ్లచేత కూడా ఒట్టు వేయించుకుందామనుకున్నాడు గానీ, వాళ్లు ఆ పూట లోపల నిద్రపోతున్నారు.

అయిదేళ్ల తర్వాత ఓ జనవరిలో పొద్దున పిలుపుకు ఐవర్ మామూలు పాటే పాడాడు. పదింటికల్లా గాలి తిరగబడింది. మధ్యాహ్నం పిలుపుకు ఆయన పలకలేదు. డొరీన్ మూడుసార్లు పిలిచింది. ఆమె గొంతు కాస్త కూడా మారలేదు. క్లెమ్‌కి భయం వేసింది అందుకే.

హెలికాప్టరు ట్రంపెటర్ మొనకు బయల్దేరింది. క్లెమ్ పడవ ఆ ఇరుకుకు నాలుగు గంటల దూరంలో ఉంది. అరగంట దూరంలో రెండు రొయ్యల పడవలున్నాయి, కానీ వాటికి చెప్పాలంటే అందరూ వినే రేడియోలోనే చెప్పాలి. చెబితే ఐవర్ తండ్రి చోటు పోతుంది. చెప్పకపోతే ఐవరే పోతాడు. ఇందులో ఆలోచించడానికేముంది అంటారు మీరు. క్లెమ్ మైకు పట్టుకుని ఓ నిమిషం ఆలోచించాడు. ఆ నిమిషానికి ఆయన ఇప్పటికీ సిగ్గుపడతాడు.

"డొరీన్, హెలికాప్టర్ని తిప్పమను. మీ ఆయన అక్కడ లేడు."

"లేడని నాకూ తెలుసు." అప్పుడు వణికింది గొంతు. "ఎక్కడున్నాడో తెలిస్తే చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది."

"జంట రాళ్లకి దక్షిణంగా, తెల్లచార కొండ కింద. ఎడమ రాయిని ఆనుకుని లోపలికి పోవాలి."

పడవలు వెళ్లేసరికి 'కోరా లిన్' ముక్కలైంది. ఐవర్ విరిగిన కాలుతో రాతిని కరుచుకుని ఉన్నాడు, నీళ్లు ఛాతీ దాకా వచ్చేశాయి. రేవులో స్ట్రెచర్ మీంచే క్లెమ్ చొక్కా పట్టుకున్నాడు.

"రేడియోలో చెప్పావంట?"

"చెప్పాను."

"అందరూ విన్నారా?"

"రాజధాని హోబర్ట్ దాకా విని ఉంటారు."

"ఏడిసినట్టే ఉంది," అని మొహం తిప్పేసుకున్నాడు.

"నోర్మూసుకుని పడుకో! పన్నెండేళ్లు నాచేత అబద్ధం రాయించావు," అని డొరీన్ కసిరింది. కసురుతూనే ఆయన చెయ్యి వదల్లేదు.

ఆ చలికాలమంతా ఐవర్ క్లెమ్‌తో మాట్లాడలేదు. బారులో ఎదురైతే బీరు గ్లాసు తీసుకుని పక్క బల్లకు పోయేవాడు. ప్రాణం కాపాడితే దక్కిన మర్యాద అది. క్లెమ్‌కి మనసు చివుక్కుమంది.

మళ్లీ వేట మొదలైన మొదటి ఉదయం డొరీన్ పడవల్ని పిలిచింది. క్లెమ్ ఇంజను ఆపించి విన్నాడు. ఐవర్ వంతు వచ్చింది. అరువు పడవ, అదే గొంతు.

"ట్రంపెటర్ మొన దగ్గర. ఏమీ పడ్డంలేదు."

ఇరవై పడవలు వింటున్నాయి, ఎవడో ఒకడు పకపకా నవ్వితే చాలు.

"ట్రంపెటర్ మొన దగ్గర. రాసుకున్నాను," అంది డొరీన్, ఎప్పట్లాగే.

ఆ వెంటనే, ఐవర్ని రాతి మీంచి లాగిన పడవ పలికింది. "మేం నిన్న జంట రాళ్ల పక్కనుంచి వచ్చాం. అక్కడా ఏమీ పడ్డంలేదు. ఎవరు అటు పోయినా దండగే."

"మేమూ చూశాం, సున్నా," అంది ఇంకో పడవ. తర్వాత మరొకటి. క్లెమ్ టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఉప్పునీళ్లు ఎగిరి పడ్డాయని పక్కవాళ్లతో చెప్పాడు గానీ, ఆ పూట సముద్రం అద్దంలా ఉంది.

ఐవర్ పోయి రెండేళ్లయింది. మొన్న తెర ముందు కూర్చున్న కానిస్టేబులు టెస్ వేలు పెట్టి చూపించింది.

"క్లెమ్, ఈ తెల్లచార కొండ కింద ఎప్పుడూ ఒక్క చుక్కా కనబడదేం?"

క్లెమ్ కప్పు కిందపెట్టాడు.

"అక్కడేమీ పడ్డంలేదమ్మా," అన్నాడు.