పొడవని కోడి

ఒక కోడి నన్ను ప్రేమించిందని నమ్మిన తెలివిగలవాణ్ణి నేను. నిన్న గవర్నర్‌పేటలో ఒక హోటల్ ముందు దంచిన వెల్లుల్లి ఘాటు ముక్కుకు తగలగానే ఆ తెలివి మళ్లీ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఉయ్యూరు దగ్గర మా ఊళ్లో, వసారా మూలనున్న గంపలో మా ఎర్రపెట్ట గుడ్లు పొదుగుతుండేది. నూకలు వేయబోతే రక్తం వచ్చేలా పొడిచేది. ఒకరోజు పొడవలేదు. కళ్లు మూసుకుని నా చేతి మీద తల వాల్చింది. నేనేదో పొడిచేశాననుకుని మురిసిపోయి, ఎవరికీ చెప్పకుండా మర్నాడు కూడా దాన్ని నిమురుతూ కూర్చున్నాను.

సాయంత్రం నాయనమ్మ చూసింది. "పొదిగే కోడి పొడవకపోవడమేంట్రా? దీనికి తెగులు తగిలింది!" అంటూ వెల్లుల్లి, పసుపు నూరి, ముక్కు తెరిచి మింగించింది.

"చచ్చాక పారెయ్యడం దేనికమ్మా? ప్రాణముండగానే కోసేద్దాం," అన్నాడు బాబాయి.

"వద్దు బాబాయ్, బతుకుద్ది. రేపటిదాకా ఆగవా?" అని కాళ్లు పట్టుకున్నాను.

"సరేలేరా, ఏడవకు."

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి గంపలో గుడ్లు మాత్రమే ఉన్నాయి, చల్లగా. వంటింట్లో కూర ఉడుకుతోంది. నేను ముందే చెప్పి ఉంటే బతికేదేమో, ఇప్పటికీ తెలియదు.

ఆ పూట మజ్జిగన్నమే తిన్నాను. కూర తిన్న రెండ్రోజులకి బాబాయి తుమ్మాడు.

"నాయనమ్మా, కోడి కూడా మొదట ఇట్టాగే తుమ్మింది," అన్నాను.

అది తుమ్మనేలేదు. బాబాయి మాత్రం వారమంతా, ఎవరూ చూడట్లేదనుకుని, అద్దం ముందు నాలుక చాపి చూసుకున్నాడు.